మీ తమ్ముడు చెప్పమన్నాడు

ఇంటి నుంచి,
సోమవారం

ఏమండీ,

మీరు కళ్ళు తెరిచి మనుషుల్ని గుర్తుపడుతున్నారనీ, కాగితం ఇస్తే చదువుకోగలరనీ వార్డు నర్సమ్మ ఫోనులో చెప్పింది. గొంతులో గొట్టం ఉన్నంతకాలం మాట్లాడటం కుదరదట. ఫోను మీ మంచం దాకా రానివ్వరట. అందుకని ఉత్తరం రాస్తున్నాను. పెళ్ళయ్యాక మీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. ఎప్పుడూ ఒకే కప్పు కింద ఉన్నాం కాబట్టి అవసరం పడలేదు. తప్పులుంటే నవ్వుకోండి. నవ్వితే నొప్పి అనిపిస్తే మాత్రం వద్దు.

రావాలనే ఉంది. వచ్చినా అద్దం అవతల నిలబడి చూడాల్సిందేనట. ప్రయాణం చూస్తే చాలా దూరం, ఇక్కడ షెడ్డు తెరవకపోతే రెండు ఇళ్ళలోనూ పొయ్యి వెలగదు. మీరు కూర్చుని మాట్లాడే స్థితికి వచ్చాక వస్తాను.

షెడ్డు సగం నిలబడింది. వెనకవైపు రేకులు కొత్తవి వేయించాను. గోడకు ఎన్నిసార్లు సున్నం వేసినా మసి పైకి తేలుతూనే ఉంది. బస్టాండు దగ్గర పనిచేసిన మీసాలాయన్ని పనిలో పెట్టుకున్నాను. ఆయనకు పని కంటే మీసం మీద శ్రద్ధ ఎక్కువ, అయినా పొద్దున్నే వస్తాడు, అది చాలు.

ఇప్పుడొక కారు మా ప్రాణం తీస్తోంది. లెక్కల టీచరమ్మ గారి పెట్రోలు కారు, మీకు తెలిసిందే. బయల్దేరేటప్పుడు బాగానే ఉంటుంది. కొంత దూరం పోయాక నీరసపడుతుంది, ఎక్సిలేటరు తొక్కినా పలకదు, గింజుకుని గింజుకుని ఆగిపోతుంది. కాసేపు రోడ్డు పక్కన నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. వాళ్ళమ్మ గారిని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆవిడకు ఆ కారే దిక్కు.

మీ తమ్ముడికి చేతులకు కట్లున్నాయి, రాయలేడు. మాట మాత్రం గట్టిగానే ఉంది. ట్యాంకులో పెట్రోలు పంపు పోయిందనీ, కొత్తది వేసెయ్యడమేననీ మీకు చెప్పమన్నాడు. మీసాలాయనదీ అదే మాట. మీరేమంటారు?

ఏమైనా తినగలుగుతున్నారా?

మీ,
నేను

*

కాలిన గాయాల వార్డు,
కిటికీ పక్క మంచం

నీకు,

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టుంటే ఏమనుకోకు. కుడి చెయ్యి ఇంకా గుడ్డల్లోనే ఉంది. తినడమంటూ ఏమీ లేదు. ముక్కులో గొట్టం పెట్టి పోస్తున్నారు, ట్యాంకు నింపినట్టు. ఎంత పోశారో గోడ మీద చార్టులో రాసుకుంటారు. కట్లు మార్చే గంట ఒక్కటీ గడిస్తే మిగతా రోజంతా గడిచినట్టే. దాని గురించి రాయను.

పంపు కొనకు. బండి ఆగిందనగానే పంపు మీద పడటం చేతకానివాళ్ళ పని. పంపు ట్యాంకు లోపల ఉంటుంది, ఆ కారులో దాని పైమూత వెనక సీటు కింద కనబడుతుంది. సీటు ఎత్తి అక్కడ చెవి పెట్టాలి. ముందు కూర్చున్నవాళ్ళు ఇంజను లేపకుండా తాళం మాత్రం తిప్పాలి. ఒక్క క్షణం తేనెటీగ తిరిగినట్టు జుయ్‌మని చప్పుడు వస్తుంది. వస్తే పంపు బతికే ఉన్నట్టు. రాలేదనుకో, అప్పుడు కూడా పంపు చచ్చిందని తీర్మానించకు. దానికి కరెంటు అందుతోందో లేదో చూడాలి. ఫ్యూజు పోయి ఉండొచ్చు, రిలే పోయి ఉండొచ్చు, వైరు తుప్పు పట్టి ఉండొచ్చు. చప్పుడు వస్తూ కూడా బండి ఆగుతుంటే ఇంజను దగ్గర పైపుకు గేజీ పెట్టి ప్రెషర్ చూడాలి. పంపు నోటికి జల్లెడ ఒకటి ఉంటుంది, చెత్త పట్టి అది మూసుకుపోయినా ఇలాగే ఆగుతుంది.

పంపు బయటికి తీయాల్సి వస్తే బ్యాటరీ వైరు విప్పకుండా ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకు. షెడ్డు తలుపులన్నీ తెరిచి ఉంచు. వైరుకు వేలాడే బల్బు లైటు ఇక షెడ్డులో కనబడకూడదు. ఉంటే పగలగొట్టెయ్.

చిట్టి స్కూలుకి వెళ్తోందా? దాని లెక్కలు ఎవరు చూస్తున్నారు?

అలిసిపోయాను. ఉంటాను.

*

షెడ్డు నుంచి,
మధ్యాహ్నం

ఏమండీ,

మీ ఉత్తరం అందింది. అక్షరాలు కోడి కెలికినట్టే ఉన్నాయి, అయినా మీవే. కవరు విప్పకముందే వాసన చూశాను. మందుల కంపు తప్ప ఏమీ లేదు.

ఉత్తరం వచ్చేలోపే మీసాలాయన పంపు మార్చేశాడు. "కొత్త పంపు పడ్డాక పెళ్ళికొడుకులా పరిగెడుతుందమ్మా" అన్నాడు. పరిగెత్తింది కూడా. టీచరమ్మ గారు సంతోషంగా తీసుకెళ్ళారు. ఆ వారంలోనే పెద్ద వంతెన మీద ఆగిపోయింది. వెనక లారీలు, పక్క సీట్లో వాళ్ళమ్మ గారు. లారీవాడొకడు హారను మీద చెయ్యి తీయలేదట, దిగి తోసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడట. చివరికి తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మీ ఆయన ఉన్నప్పుడు ఇలా లేదు" అని మెల్లగా అని వెళ్ళిపోయారు. ఉన్నప్పుడు ఏమిటండీ, ఆయన ఉన్నారు, ఆసుపత్రిలో ఉన్నారు అని అరిచాను. అప్పటికి ఆవిడ గేటు దాటిపోయారు.

మీ తమ్ముడు పెట్రోలులో చెత్త ఉండి ఉంటుందనీ, ట్యాంకు దింపి కడగమనీ చెప్పాడు. దింపి కడిగించాను. జల్లెడ కూడా మార్చాం. మళ్ళీ కొన్నాళ్ళు బాగా నడిచి మళ్ళీ ఆగింది. మీసాలాయన ఇప్పుడు ఇంజను విప్పుతానంటున్నాడు. నేను ఒప్పుకోలేదు.

మీతో ఒకటి చెప్పాలి. మీరు రాసినట్టే సీటు ఎత్తి నేనే చెవి పెట్టాను. మీసాలాయన తాళం తిప్పాడు. వినిపించిందండీ. జుయ్‌మని. లోపల ఏదో బతికున్నట్టే ఉంది. ఇంకోసారి తిప్పమన్నాను. ఇంకోసారి తిప్పమన్నాను. ఆయన నా వైపు వింతగా చూశాడు.

చిట్టి స్కూలుకి వెళ్తోంది. ఈమధ్య కాస్త ముభావంగా ఉంటోంది. పిల్లలన్నాక ఏవో ఉంటాయి. లెక్కలు నేనే చూస్తున్నాను, ఎక్కాలు నాకు వచ్చినన్ని దానికి రావు, కాబట్టి గొడవలు జరుగుతున్నాయి. వాళ్ళమ్మ, మా తోడికోడలు, బాగానే ఉంది.

మీ,
నేను

*

కాలిన గాయాల వార్డు

షెడ్డు ఓనరమ్మ గారికి,

ట్యాంకు దింపించావా? ఎవరు దింపారు? కింద ఎవరు పడుకున్నారు? పెట్రోలంతా ముందే తోడేశారా? ఆ ఒక్క ముక్క రాసి పక్క విషయంలోకి వెళ్ళిపోయావేం? అది చదివి మంచం కమ్మీ ఎంత గట్టిగా పట్టుకున్నానో తెలియదు, చేతి కట్టు తడిసిందని నర్సమ్మ తిట్టింది.

ఇకమీదట నేను రాసేదాకా ట్యాంకు దింపనివ్వకు. ఎవరు చెప్పినా సరే.

జరిగింది జరిగింది. అందరూ క్షేమంగా ఉన్నారని మళ్ళీ ఉత్తరంలో మొదటి మాటగా రాయి.

నువ్వు చెవి పెట్టి విన్నావన్న చోటు మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఇన్నేళ్ళు షెడ్డుకు టిఫిన్ క్యారియర్ తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడి ముక్కు మూసుకునేదానివి. నిన్ను వెనక సీటు ఎత్తి తల లోపల పెట్టిన మనిషిగా ఊహించుకుంటే నవ్వొచ్చింది. నొప్పి వేసింది. అయినా పర్లేదు.

ఇప్పుడు విను. పంపు మార్చారు, కొన్నాళ్ళు నడిచింది. ట్యాంకు కడిగారు, కొన్నాళ్ళు నడిచింది. ఏం చేసినా కొన్నాళ్ళు నడుస్తోందంటే బాగుపడింది ఆ పని వల్ల కాదు. ఆ పనులన్నిటిలోనూ ట్యాంకును ఒకసారి తెరిచి మూశారు, అంతే. టీచరమ్మ గారిని అడుగు, పెట్రోలు పోయించుకున్న రోజు బండి మొరాయించకుండా వెళ్తుందా అని.

ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. దానికొక సన్నటి గొట్టం ఉంటుంది. అది పూడుకుపోతే పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. ప్లాస్టిక్ సీసా మూతికి పెదాలు బిగించి, గాలి పోనివ్వకుండా తాగి చూడు. సీసా నొక్కుకుపోతుంది గానీ నీళ్ళు రావు. ఆవిడ కారుదీ అదే జబ్బని నా అనుమానం. ఆవిడతో పాటు కారులో కూర్చుని వెళ్ళు. ఆగిన చోటే, ఆగిన వెంటనే దిగి, పెట్రోలు పోసే మూత తీసి చూడు. గాలిని హుస్సుమని లోపలికి పీల్చుకుందంటే జబ్బు దొరికినట్టే. నువ్వే వెళ్ళు. మీసాలాయన్ని పంపకు.

నా పక్క మంచం పెద్దాయన రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. కిటికీలోంచి వానొస్తే చూసి నాకు సైగ చేసేవాడు. నిన్న పొద్దున ఆయన మంచానికి తెర అడ్డం పెట్టారు. తెర తీసేసరికి మంచం ఖాళీ, దుప్పటి కొత్తది. "వేరే వార్డుకు మార్చాం" అంది నర్సమ్మ. అందరం తలూపాం. ఇక్కడ అలాగే చెబుతారు, మేమూ అలాగే తలూపుతాం. ఏ వార్డు అని ఎవరూ అడగరు.

ఉంటాను.

*

షెడ్డు నుంచి,
సాయంత్రం

ఏమండీ,

అందరూ క్షేమం. మొదటి మాటగా రాశాను.

జబ్బు దొరికింది! మీరన్నట్టే టీచరమ్మ గారి పక్కన కూర్చుని వెళ్ళాను. పెట్రోలు పోయించుకున్న రోజు ఎప్పుడూ ఆగలేదని ఆవిడే చెప్పారు. పిండిమిల్లు దాటి మలుపు తిరిగేసరికి కారు నీరసపడింది. ఆగగానే దూకి మూత తిప్పాను. పాము బుస కొట్టినట్టు గాలి లోపలికి పోయింది. టీచరమ్మ గారు రెండడుగులు వెనక్కి వేశారు. "ఇప్పుడు తాళం తిప్పండి మేడం" అన్నాను, మీ గొంతుతో. వెంటనే స్టార్టయింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

షెడ్డుకు తెచ్చాక మీసాలాయన వెనక చక్రం దగ్గర ఆ గాలి గొట్టం కనిపెట్టాడు. దాని మూతిలో కందిరీగ మట్టితో గూడు కట్టుకుంది. పుల్లతో తోడితే ఎండిన మట్టి, లోపల ఒక తెల్లటి పురుగు. అంతే. దీనికోసం పంపు, జల్లెడ, ట్యాంకు కడుగుడు. మీసాలాయన మీసం కాసేపు కిందికి దిగింది.

ఇది విని మీ తమ్ముడు చాలా సంతోషించాడు అని రాద్దామని ఇక్కడిదాకా వచ్చాను. కలం సాగడం లేదు.

మీ తమ్ముడు లేడండీ. ఆ రోజే పోయాడు.

మీకు తెలివి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. మీ ఒళ్ళు తట్టుకునే స్థితిలో లేదనీ, కొన్నాళ్ళు చెప్పొద్దనీ డాక్టరు గారు అన్నారు. కొన్నాళ్ళే కదా అనుకున్నాను. ఆ తర్వాత చెప్పడానికి రోజు దొరకలేదు. మొదటి ఉత్తరంలోనే అతన్ని బతికించేశాను, మళ్ళీ నా చేత్తో ఎలా చంపను? మీసాలాయన చెప్పిన పిచ్చి సలహాలన్నీ అతని నోట్లో పెట్టాను. పని తెలిసిన మనిషికి పనికిరాని మాటలు అంటగట్టాను. మీకు అబద్ధం చెప్పినదానికన్నా అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఇంకా దాచి ఉండేదాన్నేమో. చిట్టి వల్ల రాస్తున్నాను. కాలిపోయిన షెడ్డు ఊడుస్తుంటే ఒక లైటరు దొరికింది, నల్లగా, నొక్కుకుపోయి. అది మీ తమ్ముడిదేనని అందరికీ తెలుసు. పెట్రోలు దగ్గర సిగరెట్టు వెలిగించాడు, అందుకే అంటుకుంది అని వీధిలో అనడం మొదలుపెట్టారు. స్కూల్లో ఒక పిల్ల "మీ నాన్న మీ పెదనాన్నను తగలబెట్టాడంట కదా" అందట. చిట్టి ఆ పిల్ల చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది. హెడ్మాస్టరు గారు పిలిస్తే నేనే వెళ్ళాను. ఎందుకు కొరికావే అంటే, "నిజమా కాదా పెద్దమ్మా?" అని అడిగింది. దాని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశాను.

చిట్టిలాగే వాళ్ళమ్మ, మన చెల్లి కూడా రోజూ అడుగుతోంది. "బావగారొక్కరికే తెలుసు అక్కా, ఆయన్ని అడుగు. నిజంగా సిగరెట్టే అయితే అయిందని చెప్పండి, నేను తట్టుకుంటాను. తెలియకపోవడాన్ని తట్టుకోలేకపోతున్నాను" అంటుంది. మీరింకా రాయలేకపోతున్నారని చెబుతూ వచ్చాను. మీ ఉత్తరాలు షెడ్డుకే తెప్పించుకుని ఆమె కంట పడకుండా దాచుకున్నాను. మీకు అతను బతికున్నాడని చెప్పాను, ఆమెకు మీరు రాయలేరని చెప్పాను. మధ్యలో నేనొక్కదాన్నే అన్నీ తెలిసినదాన్ని, ఏమీ తెలియనిదాన్ని.

అక్కడికక్కడే పోయాడు, నొప్పి తెలియలేదు అని అంబులెన్సు వాళ్ళు చెప్పారు. చెల్లి ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతోంది.

మీరు దీన్ని చదివి ఏమైపోతారో తెలియదు. నర్సమ్మకు ఫోను చేసి, ఉత్తరం ఇచ్చాక పక్కనే ఉండమని చెప్పాను. ఏం జరిగిందో రాయగలిగితే రాయండి. రాయలేకపోతే, బతికి ఉండండి చాలు.

మీ,
నేను

*

కాలిన గాయాల వార్డు

నీకు,

నాకు తెలుసు.

నువ్వు మొదటి ఉత్తరం రాయకముందే తెలుసు. నా ఉత్తరాలన్నీ మళ్ళీ చదివి చూడు, ఏ ఉత్తరంలోనైనా వాడెలా ఉన్నాడని నేను అడిగానా? అడిగితే నువ్వు ఇంకో అబద్ధం రాయాలి. అందుకే అడగలేదు.

నాకూ స్వార్థం ఉంది. "మీ తమ్ముడు చెప్పమన్నాడు" అని నువ్వు రాసిన చోటల్లా ఆగి మళ్ళీ చదివేవాణ్ణి. సలహా తప్పని తెలుస్తూనే ఉంటుంది. అయినా వాడు మన అరుగు మీద కూర్చుని, కట్లు కట్టిన చేతులు ఊపుతూ నీతో వాదిస్తున్నట్టుండేది. ఆ అబద్ధం వల్ల నేను కొన్ని రోజులు బతికాను. దానికి నువ్వు నన్ను క్షమించమని అడగక్కర్లేదు.

ఇందులో రెండు కాగితాలు పెడుతున్నాను. మొదటిది మరదలికి ఇవ్వు. రెండోది నీకు. అది చదివి చింపెయ్.

మరదలికి,

అమ్మా, వాడు సిగరెట్టు వెలిగించలేదు. ఇది నేను కళ్ళారా చూసింది.

ఆ రోజు పనికి వచ్చిన కారు ట్యాంకు అతుకు దగ్గర తుప్పు పట్టి పెట్రోలు కారుతోంది. ట్యాంకు దింపాలి. పెట్రోలు చాలావరకు తోడేశాం. అడుగున కొంత మిగిలింది, అది ఎలా తోడినా మిగులుతుంది. ట్యాంకును కింద నుంచి రెండు ఇనుప పట్టీలు పట్టుకుని ఉంటాయి. వాడు కారు కింద పడుకుని మొదటి పట్టీ బోల్టు తిప్పుతున్నాడు. నేను పక్కన జాకీ పట్టుకున్నాను. బోల్టు కదలకుండానే రెండో పట్టీ తెగిపోయింది. పైకి రంగు బాగానే ఉంది, లోపలంతా తుప్పు తినేసింది. వాడు చూడలేదనడానికి లేదు, గోరుతో గీకి మరీ చూశాడు. ట్యాంకు ఒక్కసారిగా ఒరిగింది, పోసే గొట్టం ఊడింది, అడుగున ఉన్న పెట్రోలంతా వేలాడుతున్న బల్బు మీద పడింది. వేడి బల్బు పేలింది. అంతే.

లైటరు సంగతి. పెట్రోలు పని ఉన్న రోజు వాడు చొక్కా విప్పి గుమ్మం పక్క మేకుకు తగిలించేవాడు. లైటరు, సిగరెట్లు ఆ జేబులోనే వదిలేవాడు. ఆ రోజూ అంతే, బనీనుతోనే కారు కింద దూరాడు. లైటరు ఎక్కడ దొరికిందో మీ అక్కను అడుగు. గుమ్మం దగ్గర దొరికి ఉండాలి. కారు ఉన్నది వెనక గోడ దగ్గర. చొక్కా కాలి, లైటరు కింద పడి ఉంటుంది.

నేను కాళ్ళు పట్టి వాణ్ణి బయటికి లాగాను. ఆ తర్వాత నాకు స్పృహ లేదు.

చిట్టికి చెప్పు, వాళ్ళ నాన్న పని తెలిసినవాడు. తప్పు చేసి పోలేదు.

రెండో కాగితం, నీకు,

స్పృహ లేదని రాసింది నిజం కాదు. వ్యానులో ఇద్దరినీ పక్కపక్కనే పడుకోబెట్టారు. ఆసుపత్రి గేటు దాకా వాడు బతికే ఉన్నాడు. మాట్లాడాడు కూడా. నొప్పి తెలియకుండా పోలేదు. అంబులెన్సు వాళ్ళు మంచి మనసుతోనే అలా చెప్పి ఉంటారు. ఇది నాతోనే ఉండనీ అనుకున్నాను, కానీ ఎవరో ఒకరికి చెప్పకుండా మోయలేకపోతున్నాను. మరదలికి తెలియనివ్వకు.

*

ఇంటి నుంచి

ఏమండీ,

లైటరు గుమ్మం దగ్గరే దొరికింది. ఊడ్చిన చీపురు నాది, నాకు బాగా గుర్తు.

మొదటి కాగితం చెల్లికి షెడ్డులోనే ఇచ్చాను. నిలబడే చదివింది. చదివి గుమ్మం దాకా నడిచింది. మేకు ఇంకా గోడకు ఉంది, వంగిపోయి. దాన్ని ముట్టుకుని, అక్కడి నుంచి వెనక గోడ దాకా చూసింది. తర్వాత స్కూలుకి వెళ్ళి చిట్టిని మధ్యలోనే తీసుకొచ్చి, అక్కడే నిలబెట్టి, కాగితం బయటికి చదివి వినిపించింది. మీసాలాయన పానా కింద పెట్టి తల వంచుకున్నాడు. చిట్టి ఏడవలేదు. "ఇది మా క్లాసులో చదవొచ్చా?" అని అడిగింది.

మీరు చెప్పినట్టు రెండో కాగితం చింపెయ్యాలనే అనుకున్నాను. చేతిలోకి తీసుకున్నాను కూడా. ఇంతలో చెల్లి లోపలికి వచ్చి, "అక్కా, బావగారు కాళ్ళు పట్టి లాగానని రాశారు. లాగాక ఏమైంది? అక్కడితో ఆపేశారేం?" అంది. ఆయనకు స్పృహ లేదే అనాలి నేను. నోటి దాకా వచ్చింది. ఇన్నాళ్ళు ఎంత సులువుగా అబద్ధాలు రాశానో, ఆ ఒక్కటి చెప్పలేకపోయాను. కాగితం ఇచ్చేశాను. మీ మాట కాదన్నాను. తిట్టండి.

చదివాక నా వైపు చూసిన చూపు ఎప్పటికీ మరిచిపోలేను. "అక్కడికక్కడే అన్నావు కదక్కా" అంది. నాకూ అలాగే చెప్పారే, నాకూ ఇప్పుడే తెలిసింది అన్నాను. నమ్మిందో లేదో. గదిలోకి పోయి తలుపు వేసుకుంది. అన్నం గుమ్మం దగ్గర పెట్టాను, అలాగే చల్లారిపోయింది. చేయకూడని పని చేశానా అని తలుపు ఇవతల కూర్చున్నాను.

ఇవాళ పొద్దున బయటికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, మనిషి మాత్రం నిమ్మళంగా ఉంది. "మాట్లాడారని రాశారు కదా. ఏం మాట్లాడారో బావగారిని అడుగు. నా పేరు పలికారేమో అడుగు. ఉన్నది ఉన్నట్టు రాయమను" అంది.

నేను రాస్తున్నంతసేపూ నా భుజం పక్కనే నిలబడి ఉంది. పోస్టు డబ్బాలో తనే వేస్తానంటోంది.

మీ,
నేను

*

కాలిన గాయాల వార్డు

మరదలికి,

పలకలేదమ్మా.

పలికాడని రాస్తే నీకు ఊరటగా ఉంటుందని తెలుసు. రాయడానికి కలం ఆనించాను కూడా. కానీ ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు. మన ఇంట్లో ఒకరి మంచి కోసం ఒకరం చెప్పుకున్న అబద్ధాలు ఇప్పటికే చాలా అయ్యాయి.

వాడు నిన్ను పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. షెడ్డులో పని ఆలస్యమైతే "ఇంట్లో ఎదురుచూస్తుంటుంది అన్నయ్యా" అనేవాడు. నీకు జ్వరం వస్తే "ఇంట్లో ఒంట్లో బాగాలేదు" అనేవాడు. ఇంట్లో ఒంట్లో ఏమిట్రా అని నేను నవ్వేవాణ్ణి. కొత్త చీర కొంటే "ఇంట్లో చూపించాలి" అని పని మధ్యలోనే సైకిలెక్కి పోయేవాడు. వాడి నోట ఇల్లంటే నువ్వే. నీకు తెలియనిది కాదు.

వ్యానులో వాడికి కళ్ళు కనబడటం లేదు. చెయ్యి చాపి నన్ను తడిమి చూసుకున్నాడు. నేనేనని తెలిశాక, "ఇంట్లో చెప్పకు అన్నయ్యా, కంగారు పడుతుంది. నేనే వెళ్ళి మెల్లగా చెప్తా" అన్నాడు.

సరేరా అన్నాను. నా గొంతులోంచి వచ్చిన ఆఖరి మాట అదే. గొట్టం తీసేసినా ఇక గొంతు రాదని డాక్టరు నిన్న చెప్పారు. మీ అక్కకు ఇంకా రాయలేదు, నువ్వే చెప్పు.

కాసేపయ్యాక మళ్ళీ అడిగాడు, "చెప్పవుగా?" అని. అప్పటికి నాకు మాట పోయింది. వాడి చెయ్యి నొక్కాను. వాడూ నొక్కాడు. ఆ తర్వాత ఏమీ అడగలేదు.

చెప్పనని మాటిచ్చాను కనుక ఇన్నాళ్ళూ ఎవరికీ రాయలేదమ్మా. నువ్వు అడిగావు కనుక ఇవాళ రాస్తున్నాను.

మీ బావ